ఆదివారం నాలుగింటి లైన్

మా పెద్దమ్మ పోయింది. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న, ఆసుపత్రిలో, నన్ను కాఫీ అడిగి, నేను తెచ్చేలోపు. చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పాం. పాత రైల్వే క్వార్టర్ల వాళ్ళకూ చెప్పాం. ఒక్క గుంపుకు చెప్పడం మాత్రం ఆ హడావుడిలో మరిచిపోయాను. సాయంత్రం నాలుగు దాటాక, శ్మశానం నుంచి మగవాళ్ళు తిరిగొచ్చే వేళకు, నా ఫోన్ మోగడం మొదలుపెట్టింది. ముందు కోర్బా, తర్వాత కర్గీ రోడ్, ఆ వెంటనే విజయనగరం. ముగ్గురూ అడిగింది ఒక్కటే. ఇవాళ పెద్దమ్మ మెసేజ్ రాలేదేం అని. నా గొంతు వినగానే వాళ్ళకు అర్థమైపోయింది.

కోర్బా, కర్గీ రోడ్, విజయనగరం అంటే ఊళ్ళు కావు, మనుషులు. కోర్బా తెలంగాణ మనిషి, కోర్బా విద్యుత్ కేంద్రంలో ఇంజనీరు. కర్గీ రోడ్ ఆ పేరున్న స్టేషన్‌లోనే బుకింగ్ క్లర్కు. విజయనగరం డిగ్రీ చదువుతున్న అమ్మాయి. వాళ్ళకు ఈ పేర్లు పెట్టింది పెద్దమ్మే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆమె బిలాస్‌పూర్ రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరు. ఆమె చెవికి మనుషులు ముందు ఊరుగా వినిపిస్తారు, తర్వాతే పేరు.

ఈ ముగ్గురూ, నేనూ, ఇంకా వచ్చిపోయే కొందరం, ఒక కంప్యూటర్ ఆటను ప్రేమించేవాళ్ళం. లోకం అంతమైపోయాక మిగిలిన కొద్దిమంది ఎలా బతికారన్నది ఆ ఆట. ఆడేవాళ్ళు ఒక మనిషిగా మారి పాడుబడ్డ ఊళ్ళ మధ్య తిరగాలి, నీళ్ళు వెతకాలి, ఎవర్ని నమ్మాలో తేల్చుకోవాలి. అసలు ఆట వచ్చాక కంపెనీవాళ్ళు రెండు ఎక్స్‌పాన్షన్లు వదిలారు. అంటే అదే లోకానికి కలిపిన కొత్త ప్రాంతాలు, కొత్త కథలు. ఒకటి మంచుకొండల్లో జరుగుతుంది, ఇంకొకటి ఒక పెద్ద వంతెన చుట్టూ. ఈ రెండింటిలో ఏది గొప్పదన్నది మా జీవన్మరణ సమస్య. ప్రతి ఆదివారం నాలుగింటికి ఇంటర్నెట్‌లో గొంతుతో మాట్లాడుకునే ఒక వాయిస్ రూములో చేరి కొట్టుకునేవాళ్ళం. మీకు నవ్వు రావచ్చు. మాకు రాలేదు.

నాన్న రిటైరయ్యాక అమ్మా ఆయనా శ్రీకాకుళం వెళ్ళిపోయారు. నా బ్యాంకు ఉద్యోగం ఇక్కడే బిలాస్‌పూర్‌లో కాబట్టి నేను లింగియాడీహ్ పేటలో పెద్దమ్మ ఇంటికి చేరాను. పెదనాన్న గూడ్స్ గార్డుగా చేసి, రిటైరయ్యాక కట్టుకున్న రెండు గదుల ఇల్లు అది. ఆయన పోయి అప్పటికి కొంతకాలమైంది. వాళ్ళకు పిల్లలు లేరు. పెద్దమ్మకు నేను పెద్ద కాలక్షేపం అవుతానని అందరూ అనుకున్నారు. నేనేమో బ్యాంకు నుంచి రాగానే కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని.

ఒక సాయంత్రం నేను మంచు ఎక్స్‌పాన్షన్‌లో తిరుగుతున్నాను. పెద్దమ్మ పక్కన చాప మీద చిక్కుడుకాయలు వలుస్తోంది. ఆ ప్రాంతంలో ఎక్కడికి వెళ్ళినా రేడియోలో ఒక ఆడమనిషి గొంతు సన్నగా వినిపిస్తూ ఉంటుంది. ఎవరైనా వింటున్నారా, మేము ఇంకా ఇక్కడే ఉన్నాం అని ఇంగ్లీషులో. పెద్దమ్మ చెయ్యి ఆగింది.

"ఎవులో పిలస్తన్నారు. ఎత్తవేటే?"

"అది ఆటలో, పెద్దమ్మా. ఊరికే అలా వస్తూ ఉంటుంది."

"ఊరికే ఎవులు పిలుస్తారే? ఎక్కడుందో కనుక్కోవా?"

నేను కనుక్కుని చాలాకాలమైంది. ఆ ఆట ఆడిన ప్రతివాళ్ళకీ తెలుసు. కొండమీద ఒక నేలమాళిగలో ఉన్న రికార్డింగ్ అది. పిలిచిన మనిషి ఎప్పుడో చనిపోయి ఉంటుంది. కథలో అన్నిటికన్నా గుండె పిండేసే చోటు అదే. ముందే చెబితే ఆట చెడిపోతుందన్నది మా అభిమానుల మొదటి సూత్రం కాబట్టి, "దూరం, పెద్దమ్మా. అక్కడికి వెళ్ళాలంటే చాలా ఆడాలి," అని తప్పించుకున్నాను.

"అచ్ఛా. అయితే ఆ రిమోట్ ఇలగ తే," అంది, నా చేతిలోని గేమ్ కంట్రోలర్ చూపించి.

అలా మొదలైంది. పెద్దమ్మ ఆట చూడాలంటే ఎంతో ఓపిక కావాలి. మేమంతా పరిగెత్తే దారుల్లో ఆమె నడిచేది. పాడుబడ్డ ఊరు ఏది కనిపించినా ఆగి, అక్కడున్న ప్రతి మనిషితోనూ మాట్లాడేది. చెప్పిందే మళ్ళీ చెప్పే మనుషుల దగ్గర కూడా చివరిదాకా విని, వాళ్ళు ముగించాక కొంచెంసేపు ఆగేది. ఇంకేమైనా చెబుతారేమోనని. అది ఎక్స్ఛేంజ్‌లో అబ్బిన అలవాటు. ఎవరి ఫోనైనా పెట్టేసే ముందు "ఇంకేటైనా ఉందా?" అని అడగడం కూడా అక్కడిదే. తుపాకీ ఎత్తాల్సి వస్తే నా చేతికిచ్చి అటు తిరిగి కూర్చునేది. వాళ్ళు పోయారా అని అడిగి మళ్ళీ తీసుకునేది. దాహం అన్నవాడికల్లా నీళ్ళిచ్చేసి, తన మనిషి దాహంతో పడిపోతే నన్ను కేకలేసేది.

వాయిస్ రూములోకి ఆమె రావడం మా గొడవ వల్లే. ఒక ఆదివారం మంచు గొప్పదని కోర్బా, వంతెన గొప్పదని కర్గీ రోడ్, మధ్యలో విజయనగరం, అందరం ఒకేసారి అరుస్తున్నాం. పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి నా తలమీది హెడ్‌సెట్ తీసుకుంది.

"ఇదేటి, చేపల బజారా?" అంది అందులో. అవతల ఒక్కసారి చప్పుడు ఆగిపోయింది. అప్పుడు గొంతు మార్చింది. అది నేను చిన్నప్పుడు ఎక్స్ఛేంజ్‌కు టిఫిన్ డబ్బా తీసుకెళ్ళినప్పుడు విన్న గొంతు. "కోర్బా, మీరు లైన్లో ఉండండి. విజయనగరం మాట్లాడుతున్నారు. చెప్పండి, విజయనగరం."

ఆ రోజు మొదటిసారి నేను విజయనగరం పూర్తి వాక్యం విన్నాను. ఆ అమ్మాయికి నత్తి ఉందనీ, అందుకే ప్రతిసారీ సగంలో ఆపేసేదనీ అప్పటిదాకా మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ అమ్మాయి ముగించేదాకా మిగతావాళ్ళను ఆపి ఉంచింది పెద్దమ్మ. ముగించాక అలవాటుగా, "ఇంకేటైనా ఉందా?" అని అడిగింది. ఉందంది విజయనగరం.

మరుసటి వారమే నా పాత కంప్యూటర్‌ను తన గదిలో పెట్టించుకుని, నన్ను సదర్ బజార్ తీసుకెళ్ళి, తన కోసం వేరే హెడ్‌సెట్ కొనుక్కుంది. దుకాణంవాడు రంగురంగులవి చూపిస్తుంటే, "భయ్యా, రంగ్ ఛోడో, మైక్ ముఁహ్ కే పాస్ ఆతా హై క్యా?" అని, మైకు నోటి దగ్గరకు వస్తుందా లేదా అన్నదొక్కటే అడిగి, నాలుగైదు తలకు పెట్టుకుని చూసి మరీ ఎంచుకుంది. వాడు నన్ను చూసి కళ్ళతోనే ఇదేమిటని అడిగాడు. నేను బోర్డు మీద ధరలు చదువుతున్నట్టు నటించాను.

ఆదివారం నాలుగింటికి అందరికీ గుర్తుచేసే పని కూడా తనే తీసుకుంది. తెలుగులో రాసి పెడితే మా గుంపులో సగం మందికి చదవడం రాదు. ఆ సగమంతా రైల్వే పిల్లలు, హిందీ బళ్ళలో చదువుకున్నవాళ్ళు. అందుకని గొంతుతో మెసేజ్ చేసింది. "ఆదివారం నాలుగైంది. లైన్ తెరిచాను. ఎవులెవులు ఉన్నారో పలకండి." లైన్ తెరిచాను అన్నచోట వెనకాల మా వంటింటి కుక్కర్ ఈల వేసింది. ఆ రోజు తన గొంతు బాగా వచ్చిందని పెద్దమ్మకు అనిపించింది. ఇక ప్రతివారం కొత్తది చేయకుండా దాన్నే పంపేది. ప్రతి ఆదివారం అదే పిలుపు, అదే చోట అదే ఈల. "పెద్దమ్మా, ఆ కుక్కర్ ఇంకా దించలేదా?" అని కర్గీ రోడ్ ఏడిపించేవాడు. "నీకోసమే పెట్టాను. వచ్చి దించు," అనేది.

ఈ కర్గీ రోడ్ ఒకసారి కోర్బాతో మాటామాటా పెరిగి, రూములోంచి వెళ్ళిపోయాడు. పోతే పోనీ అన్నాను నేను. నాకు త్వరగా కోపం వస్తుంది, అందులోనూ నేను మంచు పార్టీ. పెద్దమ్మ నావైపు ఒక చూపు చూసి, తన ఫోన్ తీసి అతనికి చేసింది. "ఏటబ్బాయ్, లైన్ కట్టయిపోనాది? అవతల కోర్బా కాసుకుని ఉన్నాడు," అంది. కోర్బా కాసుకుని ఉన్నాడో లేడో ఆమెకు తెలియదు. అతను తిరిగొచ్చాడు. చాలాకాలం తర్వాత నాతో అన్నాడు, వారమంతా టికెట్లిస్తూ హిందీలో మాట్లాడి మాట్లాడి, తెలుగు మాట్లాడేది ఆ ఆదివారం సాయంత్రం ఒక్కటేనని. ఆ రోజు ఆమె ఫోన్ చేయకపోతే మళ్ళీ వచ్చేవాణ్ణి కాదని.

ఈలోగా పెద్దమ్మ నెమ్మదిగా మంచుకొండల వైపు నడుస్తోంది. మాకు గుబులు పట్టుకుంది. ఆమెకు అంతకుముందే ఒకసారి గుండెపోటు వచ్చింది. రోజూ మాత్రలు వేసుకుంటుంది. ఆ రేడియో పిలుపును ఆమె ఆటబొమ్మ పిలుస్తున్నట్టు కాదు, నిజంగా ఎవరో ఆపదలో ఉండి పిలుస్తున్నట్టే తీసుకుంది. "వస్తన్నానమ్మా, కాసేపుండు," అని తెరకు జవాబు చెప్పడం నేనే విన్నాను. పొద్దున్న కూరలు తరుగుతూ, "పాపం అక్కడ తిండి ఏటి దొరుకుద్ది, అంతా మంచే కదా," అని బెంగపడేది. అక్కడికి వెళ్ళేసరికి ఎముకలూ టేపూ కనిపిస్తే ఏమవుతుంది?

ఆమె లేకుండా వేరే గ్రూపులో మాట్లాడుకున్నాం. "ఆ ఎక్స్‌పాన్షన్ తీసెయ్యి ఆమె కంప్యూటర్లకెల్లి. పాడైందని చెప్పు," అన్నాడు కోర్బా.

"పాడైతే బాగు చేయించు అంటుంది, మీకు తెలీదు," అన్నాను.

చివరికి, మంచు వైపు వెళ్ళడం దండగని చెప్పి ఆమెను వంతెన వైపు తిప్పేద్దామని తీర్మానించాం. తర్వాతి ఆదివారం కోర్బా, మంచు కోసం ప్రతివారం తగవుపడ్డ కోర్బా, గొంతు సవరించుకుని, "మంచుల ఏం లేదమ్మా, ఉత్త చలి. కథంత వంతెన దగ్గరనే ఉంది," అన్నాడు. నేను అవునన్నాను. విజయనగరం అవునంది. కర్గీ రోడ్ మరీ ఎక్కువగా అవునన్నాడు. 

"అందరూ ఒకేమాట అంటన్నారంటే లైన్లో ఏదో తేడా ఉన్నట్టే," అంది పెద్దమ్మ. కొండవైపే నడిచింది.

చేరిన రోజూ ఆదివారమే. తనే కావాలని అలా చూసుకుంది, అందరూ లైన్లో ఉండాలని. తెర అందరికీ కనిపించేలా పెట్టమని నన్ను అడిగింది. కొండ ఎక్కింది. ఇనుప తలుపు తెరిచింది. మెట్లు దిగింది. గొంతు దగ్గరవుతోంది. అడుగున చిన్న గది, బల్లమీద రేడియో, తిరుగుతున్న టేపు, కుర్చీలో చలికోటు. కోటులో ఉన్న మనిషి ఎముకలు. నేను తెర చూడటం మానేసి పెద్దమ్మను చూస్తున్నాను. రిమోట్ ఒళ్ళో పెట్టుకుంది.

"పోయిందా?" అంది.

 కర్గీ రోడ్, "ఎప్పుడో పోయింది పెద్దమ్మా. అది టేపు," అన్నాడు.

"మీకందరికీ తెలుసు."

"తెలుసు పెద్దమ్మా."

"అందరూ ఇక్కడికొచ్చారా?" వచ్చామన్నాం. "మరి ఎవులైనా జవాబు చెప్పారేటి?"

మేము చెప్పలేదు. గది వెతికి, మందులూ బ్యాటరీలూ తీసుకుని, బాధపడి, బయటికొచ్చి, అది ఎంత గొప్పగా రాశారో అని గంటలకొద్దీ మాట్లాడుకున్నాం. జవాబు చెప్పాలని మాకు తోచలేదు. ఆటలో అలాంటి మీట కూడా లేదు. పెద్దమ్మకు మీటతో పనిలేకపోయింది. హెడ్‌సెట్ మైకు నోటి దగ్గరకు జరుపుకుని, ఆ కుర్చీ వైపు చూస్తూ, "విన్నానమ్మా. నీ పిలుపు అందింది," అంది. అలవాటు ప్రకారం కొంచెంసేపు ఆగింది.

అప్పుడు తెరమీద ఆట అడిగే ప్రశ్న వచ్చింది. రేడియో ఆపాలా, అలాగే వదిలేయాలా? మా అభిమానులలో ఒక ఆచారం ఉంది. ఎవరూ దాన్ని ఆపరు. ఆమె గుర్తుగా ఆ పిలుపును అలా మోగనివ్వడమే మర్యాద. ఆపినవాళ్ళను మేము చాలా చిన్నచూపు చూసేవాళ్ళం. పెద్దమ్మ ఆపేసింది. గది నిశ్శబ్దమైపోయింది. అయ్యో అంది విజయనగరం.

"ఎందుకే అయ్యో?" అంది పెద్దమ్మ. "మా ఎక్స్ఛేంజ్ బోర్డు మీద ఎవులైనా పిలిస్తే చిన్న దీపం వెలిగేది. జవాబు చెప్తే ఆరిపోయేది. పిలిచిన మనిషికి జవాబందే వరకే ఆ దీపం. అందాక కూడా వెలుగుతుంటే, ఇంకోళ్ళు పిలిస్తే ఎలగ తెలుస్తాది?" కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏడవలేదని నేను చెప్పను, ఏడ్చింది. కానీ మేము భయపడినట్టు కాదు. ఎదురింటికి పరామర్శకు వెళ్ళొచ్చినదానిలా లేచి, కాళ్ళు కడుక్కుని, నాకు ఉప్మా చేసి పెట్టింది. నాకు ఆ సాయంత్రం ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను. ఆమెను కాపాడాలని మేమంతా తెగ కష్టపడ్డాం. ఆమె వెళ్ళి ఆ గదిలోని మనిషిని చూసుకుని వచ్చింది, అంతే.

తర్వాత వంతెన కూడా దాటింది. ఏది గొప్పదో తేల్చమని కోర్బా, కర్గీ రోడ్ వెంటపడితే, "నేను లైన్ కలిపేదాన్ని, తీర్పు చెప్పేదాన్ని కాదు," అని తప్పించుకుంది. మళ్ళీ గుండె ఇబ్బంది పెట్టి ఆసుపత్రిలో చేరాక కూడా, ఆదివారం ఫోన్ అడిగి, ఆ మెసేజ్ పంపి, కళ్ళు మూసుకుని వినేది. నర్సు కోప్పడితే నన్ను చూపించేది.

కర్మకాండలన్నీ అయ్యాక వచ్చిన ఆదివారం, చుట్టాలు వెళ్ళిపోయి ఇల్లు ఖాళీ అయింది. నాలుగు అవుతుండగా నేను కంప్యూటర్ తెరిచాను. వెళ్ళాలని లేదు, వెళ్ళకుండా ఉండాలని లేదు. రూములో అప్పటికే అందరూ ఉన్నారు. పెద్దమ్మ పేరు కూడా ఉంది. ఆమె కంప్యూటర్ ఎప్పుడూ ఆపేది కాదు, నేనూ ఆపలేదు. పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతూనే ఉంది. 

"ఆ మెసేజ్ పంపమ్మా," అన్నాడు కోర్బా. "వినకుండ ఎట్ల మొదలుపెడ్తం?"

పెద్దమ్మ ఫోన్ నా దగ్గరే ఉంది. పంపాను. ఎవరి ఇంట్లో వాళ్ళు దాన్ని పెట్టుకున్నారు. అందరి మైకులూ తెరిచే ఉన్నాయి కాబట్టి ఒకరిది ఒకరికి వినిపించింది. ఆదివారం నాలుగైంది. ముందు కోర్బాలో కుక్కర్ ఈల వేసింది, తర్వాత కర్గీ రోడ్‌లో, తర్వాత విజయనగరంలో. ఒకదాని వెనక ఒకటి. ఎవులెవులు ఉన్నారో పలకండి.

"కోర్బా. అందిందమ్మా," అన్నాడు అతను.

"కర్గీ రోడ్. అందింది పెద్దమ్మా."

విజయనగరానికి కొంచెం సమయం పట్టింది. అందరం ఆగాం. "అం... అందింది, పెద్దమ్మా," అంది.

నేను కూడా అన్నాను. అన్ని రోజులూ ఎవరి ముందూ ఏడవనిదాన్ని అప్పుడు ఏడ్చాను. వాళ్ళు వినీ విననట్టు ఊరుకున్నారు. ఆమె హెడ్‌సెట్ తీసి పెట్టుకున్నాను. చెవుల దగ్గర కొబ్బరినూనె వాసన. "ఇంకేటైనా ఉందా?" అని అడిగాను. లేదన్నారు.

ఆమె పేరుమీద నొక్కి, రూములోంచి బయటికి తీశాను. చుక్క ఆరిపోయింది. కింది పేర్లు ఒక్కో మెట్టు పైకి జరిగాయి. కాసేపు అలాగే ఉన్నాయి. అప్పుడు వాటిలో రెండు, కర్గీ రోడ్, విజయనగరం, మాట్లాడబోతూ ఒకేసారి వెలిగాయి.

"ఒక్కొక్కరు," అన్నాను. "కర్గీ రోడ్, లైన్లో ఉండండి. చెప్పండి, విజయనగరం."